పెయ్యదూడకి లేని పంచాయితీ

మా మీద ఒక నింద ఉంది. గోదావరి జిల్లాల మగవాళ్ళకి ఇంటికొచ్చిన చుట్టానికి మర్యాద చెయ్యడం తెలుసు గానీ, ఇంట్లో ఆడవాళ్ళ ఆరోగ్యం పట్టదని. అన్నది బయటివాళ్ళయితే ఊరుకునేవాణ్ణి. అన్నది మా మేనకోడలు. మా పెరటి పనసకాయ పొట్టు కూర రెండోసారి వడ్డించుకుంటూ, "టీకాల దగ్గరైనా ఆడామగా తేడా చూపించకూడదు కదా మావయ్యా" అంది.

టీకాల గురించి నాకా చెప్పడం! కోనసీమలో నాలుగెకరాల కొబ్బరితోట, ఒక రొయ్యల చెరువు, రెండు గేదెలు, ఒక పుంజు ఉన్న మనిషికి టీకా విలువ తెలియదంటే నమ్మేవాళ్ళెవరు? అందుకే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు మా పెయ్యదూడ సంగతి. దానికి ఐదో నెల నడుస్తుండగా పశువుల డాక్టరు గారొచ్చి బ్రూసెల్లా టీకా వెయ్యాలన్నారు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పథకమట, పైసా ఖర్చు లేదు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యలకే వేస్తారు, కోడెదూడలకి లేదు. ఆ జబ్బు తగిలితే చూడి నిలవదు, ఈసుకుపోతుంది. ఆ మాట వినగానే నేను లేచి పలుపు పట్టుకున్నాను. మా అమ్మని అడగలేదు. బావమరిదికి ఫోను చెయ్యలేదు. వర్జ్యం చూడలేదు. రేపు ఇది ఎవరి కొట్టంలోకి పోతుందో, వాళ్ళేమనుకుంటారో అన్న ఆలోచనే రాలేదు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. చెవికి పసుపురంగు పోగు, దాని మీద పన్నెండంకెల నంబరు. టీకా వేసినట్టు ఆ నంబరు మీదే రాసుకున్నారు. ఆ నంబరు దానిది, నాది కాదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పుంజు సంగతి చెప్పనే అక్కర్లేదు. పందేలు చట్టవిరుద్ధం కాబట్టి మాది కేవలం ముద్దుకి పెంచుకుంటున్న పుంజు. దానికి బాదంపప్పు, ఉడికించిన గుడ్డు, మటన్ కైమా పెడతాం, అదీ ముద్దుకే. కొక్కెర తెగులు రాకుండా టీకా వేయించడానికి నేనే సంచీలో పెట్టుకుని, ఎండ తగలకుండా తువ్వాలు కప్పి, స్కూటర్ మీద తీసుకెళ్ళాను. మా ఆవిడ ఆ రోజు మోకాళ్ళ నొప్పికి ఆస్పత్రికి వెళ్దామంది. స్కూటర్ మీద ముగ్గురం పట్టం కదా.

ఇక మనుషుల విషయం. చంటిపిల్లల దగ్గర మేమేం తేడా చెయ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏడాది నిండి రెండో ఏడు నడుస్తున్న పిల్లల్లో నూటికి 76 మందికి టీకాలన్నీ పడ్డాయని తేలింది. ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య తేడా లేదన్నంత తక్కువ. మా ఇంట్లోనూ అంతే. మనవడికి అమలాపురంలో నొప్పి తెలియని ఇంజెక్షన్ కొని వేయించాం, మనవరాలికి బుధవారం నాడు సబ్‌సెంటర్లో వేయించాం. మందు మందే కదా. నొప్పి ఓర్చుకోవడం ఆడపిల్లకి ఉగ్గుపాలతోనే అలవాటవ్వాలని మా అమ్మ అభిప్రాయం. ఇద్దర్నీ తీసుకెళ్ళింది మా కోడలే. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావేలెంట్ టీకా పడిన రాత్రి ఒళ్ళు కాలిపోతుంటే మేలుకుని కూచున్నదీ ఆ అమ్మాయే. తెల్లారి మా అమ్మ చేత "బంగారంలాంటి పిల్లాణ్ణి తీసుకెళ్ళి జ్వరం తెచ్చిపెట్టావు" అనిపించుకున్నదీ ఆ అమ్మాయే. ఆ తర్వాత పిల్లలకి ధనుర్వాతం, కోరింత దగ్గు ఏవీ రాలేదు. మా వంశంలో రక్తం గట్టిది.

కడుపుతో ఉన్నప్పుడు వేసే ధనుర్వాతం సూదికైతే మా ఊళ్ళో ఎవరూ అడ్డు చెప్పగా నేను చూడలేదు. లోపల ఎవరున్నారో ఏమిటో, మగపిల్లాడే అయి ఉండొచ్చు.

మరి చిక్కు ఎక్కడొచ్చింది? ఆడమనిషి ఎవరి కడుపులోనూ లేక, ఎవర్నీ కడుపులో పెట్టుకోక, ఊరికే తన మానాన తానున్నప్పుడు వచ్చింది. అలాంటి మనిషికి టీకా ఎందుకో తేల్చాలంటే కాస్త చర్చ అవసరం.

2021 సంగతే చూడండి. మే ఒకటి నుంచి పద్దెనిమిది దాటినవాళ్ళందరికీ కోవిడ్ టీకా అన్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్లలో ఒక కబురు తిరిగింది: నెలసరికి ఐదు రోజుల ముందూ, ఐదు రోజుల తర్వాతా ఆడవాళ్ళు టీకా వేయించుకోకూడదని. అదంతా ఉత్త అబద్ధమని ప్రభుత్వం చెప్పింది గానీ, ప్రభుత్వం చెప్పిందల్లా నమ్మే రకం కాదు మేము. నేనే క్యాలెండర్ తీసి లెక్క కట్టాను. ముందు ఐదు, వెనక ఐదు, మధ్యలో ఐదు, పదిహేను రోజులు పోయాయి. మిగిలిన పదిహేనులో మంగళవారం సూది పనికిరాదు, శుక్రవారం లక్ష్మి బయటికి పోకూడదు. అమావాస్య తీసేశాను. జ్వరమొస్తే వంటెవరు చేస్తారన్న లెక్కన కొబ్బరికాయల దింపుకూలీలు వచ్చే రోజులు, మా అక్కావాళ్ళు దిగే రోజులు కొట్టేశాను. నెలకి ఒక్క బుధవారం మిగిలింది. ఆ బుధవారం వెళ్తే మా సెంటర్లో డోసులు అయిపోయాయి. చూశారా, మేం అడ్డు చెప్పలేదు, సరఫరా లేదు.

నేను, మా అబ్బాయి మాత్రం మా వంతు వచ్చిన వారంలోనే వేయించుకున్నాం. మగవాళ్ళకి క్యాలెండరుతో పనిలేదు.

పేర్ల నమోదు ఇంకో కథ. అప్పట్లో ఒక ఫోను నంబరు మీద నలుగురికి నమోదు చెయ్యొచ్చు. మా ఇంట్లో ఆడవాళ్ళందరివీ మా అబ్బాయి నంబరు మీదే. ఓటీపీ వచ్చే వేళకి వాడు చెరువు గట్టున ఏరేటర్లు చూసుకుంటూ ఉంటాడు, ఫోను మోటారు షెడ్డులో ఉంటుంది. మా ఆవిడ సర్టిఫికెట్ ఇప్పటికీ వాడి ఫోన్లోనే ఉంది. పెయ్యదూడకి సొంత నంబరు ఉందని ఇందాక చెప్పాను కదా. పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు.

మా పక్కవీధిలో ఒకాయన నాకంటే పట్టుదల మనిషి. పెళ్ళాన్ని టీకా దరిదాపులకి పోనివ్వలేదు, పిల్లలు పుట్టరేమోనని. అప్పటికే ముగ్గురు పిల్లలు. జూన్‌లో ఆవిడకి కువైట్ వీసా వచ్చింది, ఇంట్లో పనికి. పరదేశం పనికి పోయేవాళ్ళు కోవిషీల్డ్ రెండో డోసుకి 84 రోజులు ఆగక్కర్లేదు, 28 రోజులు దాటితే చాలని కొత్త నిబంధన వచ్చింది, సర్టిఫికెట్ మీద పాస్‌పోర్టు నంబరు కూడా వేసిస్తామన్నారు. ఆయన పెళ్ళాన్ని బండి మీద ఎక్కించుకుని మూడు మండలాలు తిరిగి వేయించుకొచ్చాడు. మంగళవారం నాడు. దినారు సంపాదించే చేతికి ఏ శాస్త్రమూ అడ్డం రాలేదు.

ఇంత కట్టుదిట్టం చేసినా మాకు ఎదురుదెబ్బే తగిలింది. ఆ వేసవిలో దేశం మొత్తం మీద టీకా వేయించుకున్న మగవాళ్ళే ఎక్కువైతే, ఆంధ్ర, కేరళ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆడవాళ్ళు ముందున్నారు. ఎలా ఉండరు? ఆశా వర్కర్లు, వాలంటీర్లు గడప గడపకీ తిరిగి పేర్లు రాసుకున్నారు, గ్రామ సచివాలయం దగ్గరే సూది పెట్టారు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకైతే వయసుతో పని లేకుండా ముందే వేశారు. రేవు దాటక్కర్లేదు, బండి అక్కర్లేదు, రొయ్యల షెడ్డులో పూట కూలి పోదు. ఇన్ని సౌకర్యాలుంటే ఇంటి పెద్దని అడగాల్సిన పనేముంటుంది? దూరం, ఖర్చు, బండి, ఫోను, ఇవే మా అధికారానికి నాలుగు స్తంభాలు. అవి పీకేసి ఆడవాళ్ళు ముందుకొచ్చారని సంబరపడితే ఎలా?

అసలు విషయానికి వస్తాను. 2024 దసరా సెలవుల్లో మా కోడలు పిల్లని జలుబుకని అమలాపురం తీసుకెళ్ళి, కొత్త మాట పట్టుకొచ్చింది. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా అని ఉందట. తొమ్మిది నిండి పదిహేను నిండని ఆడపిల్లలకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు సరిపోతాయట, పదిహేను నిండితే మూడు. మా మనవరాలికి పదమూడు. మన దేశంలో తయారైనదే 2023లో వచ్చిందట, 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థికమంత్రి కూడా దీని మాట ఎత్తారట. ఆస్పత్రి ఖర్చుతో కలిపి నాలుగైదు వేలవుతుందని డాక్టరమ్మ చెప్పిందట.

అరుగు మీద కూర్చున్నాం. నేను, మా అమ్మ, మా అబ్బాయి, స్పీకర్‌లో మా బావమరిది. మా ఆవిడ కాఫీలు పెడుతోంది. కోడలు గుమ్మం లోపల నించుంది. పిల్ల లోపల లెక్కలు చేసుకుంటోంది, తన విషయమే అని తనకి తెలుసో లేదో మేం అడగలేదు.

ముందు పేరు దగ్గరే ఆగిపోయాం. గర్భాశయం అన్న మాట మా అరుగు మీద అంతకుముందు ఎవరూ పలకలేదు. మా అబ్బాయి "ఆ టీకా" అన్నాడు, బావమరిది "అదే, అక్కడిది" అన్నాడు. మా అమ్మ ఒక్కత్తే ధైర్యస్తురాలు. "పెళ్ళి కాని పిల్లకి గర్భసంచి సూదేవిట్రా? రేపు సంబంధాలొస్తే ఏం చెప్తావు?" అంది.

జాతకం అడిగే పెళ్ళివారిని చూశాను, రంగు అడిగేవారిని చూశాను, టీకాల కార్డు అడిగినవారిని ఎనభై పెళ్ళిళ్ళు చేయించినా చూడలేదు. అయినా పెద్దావిడ మాట.

"దేశంలో ఏడాదికి లక్షా ఇరవై వేల మందికి పైగా వస్తోందట మావయ్య గారూ, డెబ్బై ఏడు వేల మంది దాకా పోతున్నారట. డాక్టరమ్మ 2020 లెక్క చూపించారు" అంది కోడలు గుమ్మంలోంచి.

"ఆ లెక్కలన్నీ మన వైపువి కాదులే అమ్మా" అన్నాడు బావమరిది స్పీకర్‌లోంచి. మా అత్తగారు, అంటే అతని తల్లి, ఆ జబ్బుతోనే పోయింది. సంచీలో పుండు అని చెప్పుకునేవాళ్ళం, అది వేరే.

అతనే ఖమ్మం సంగతి ఎత్తాడు. నిజమే, 2009లో మన గోదావరి ఎగువన, అప్పటి ఖమ్మం జిల్లాలో ఇదే జబ్బుకి టీకా పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకి వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. గొడవై 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. పిల్లలు చనిపోయారన్న ముక్క బావమరిదికి బాగా గుర్తుంది. ఆ మరణాలకి టీకాతో సంబంధం కనబడలేదని విచారణలో తేల్చిన ముక్క గుర్తులేదు. ఏమైనా ఆ వార్డెన్లు చేసింది ఘోరం. ఆడపిల్లనీ అడక్కుండా, తల్లినీ అడక్కుండా వాళ్ళ చేతి గురించి ఎవడో మూడోవాడు నిర్ణయం తీసుకోవడమేమిటి? మా రక్తం మరిగిపోయింది. అందుకే మేం ఆ పిల్లనీ, తల్లినీ అడక్కుండా వద్దని నిర్ణయించాం.

ఖాయంగా వద్దని కాదు. "సంక్రాంతి వెళ్ళాక చూద్దాం" అన్నాను. చెరువుకి మేత బాకీ ఉంది, పుంజుకి రెండు నెలల బాదంపప్పు కొనాలి. ఆ పద్దు మాత్రం ఆ పూటే ఏకగ్రీవంగా తేలింది.

సంక్రాంతి వెళ్ళింది. మా పుంజు మొదటి పందెం మూడో నిమిషంలో కూలిపోయింది. అంటే, ముద్దు చేస్తుండగా కూలిపోయింది. కూర బావుంది.

టీకా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా ఆడవాళ్ళు అర్థం చేసుకోగలరు. పైగా భక్తిలో పడ్డారు. ఫిబ్రవరిలో మా ఆవిడ వచ్చి, "ఏవండీ, పిల్ల చదువు బావుండాలని వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాం" అంది. నేను వెంటనే సరేనన్నాను, కారు మాట్లాడి పెట్టాను కూడా. గుడికి వెళ్తామంటే నెలలో ఏ రోజు, వంట ఎవరు చేస్తారు అని అడిగే మూర్ఖుణ్ణి కాను. మొదటి శనివారం డ్వాక్రా పొదుపులోంచి రెండున్నర వేలు తీసుకుంది, హుండీకట. ముగ్గురూ వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు, ప్రసాదం తెచ్చారు.

ఆ రాత్రి పిల్ల అన్నం తింటూ ఎడమ చెయ్యి పైకెత్తలేకపోయింది. ఏమ్మా అంటే, "ప్రదక్షిణలు చేశాం కదా తాతయ్యా" అంది. ఏడు ప్రదక్షిణలు చేస్తే కాళ్ళు కదా పీకాలి, ఈకాలం పిల్లలు మరీ సుకుమారం.

ఏడు శనివారాలూ పూర్తయ్యాయి. మొక్కు తీరిందా అంటే, ఇంకొక్కటి మిగిలిందంది మా ఆవిడ. మొదటి శనివారం నుంచి సరిగ్గా ఆరు నెలలకి, ఆగస్టులో, మళ్ళీ ఒకసారి వెళ్ళాలట. వాడపల్లిలో అలాంటి పద్ధతి ఉందని నేనెప్పుడూ వినలేదు. అయినా దేవుడి విషయాల్లో ఆడవాళ్ళకి అడ్డు చెప్పే అలవాటు మా ఇంటావంటా లేదు. కారు డ్రైవరుకి తేదీ ఇప్పుడే చెప్పి ఉంచాను.