మూడు గంటలకో పుష్కరం

పొద్దున్నే బుద్ధి లేక మా బంధువుల వాట్సాప్ గ్రూపులో కెల్ట్-9బి గురించి రాశాను. 2017లో ప్రకటించిన గ్రహం. హంస నక్షత్రమండలంలో, సుమారు 670 కాంతి సంవత్సరాల అవతల ఉంది. పగటి వైపు వేడి దాదాపు 4,300 డిగ్రీల సెల్సియస్, చాలా నక్షత్రాలకే అంత వేడి లేదు. అక్కడి వాతావరణంలో ఇనుము, టైటానియం ఆవిరై తిరుగుతున్నాయి. రెండు నిమిషాల్లో మా పెద్ద మామయ్య జవాబు: "అక్కడ నీళ్లున్నాయా? లేకపోతే మనకెందుకురా?" దాని కింద తొమ్మిది బొటనవేళ్లు. ఒకటి మా ఆవిడది.

నీళ్లట! ఇనుము ఆవిరయ్యే చోట!

దాన్ని పట్టుకున్న పరికరం పేరులోనే 'అతి చిన్న టెలిస్కోప్' అని ఉంది. అరిజోనాలో పెట్టారు. లెన్సు ద్వారం 42 మిల్లీమీటర్లు. మన ఫొటో స్టూడియోల వాళ్లు ఒకప్పుడు వాడిన మామియా కెమెరా లెన్సే అది. మామయ్య కూతురి పెళ్లికి డ్రోను, క్రేను, పొగ వదిలే యంత్రం కూడా వచ్చాయి. అన్నీ కలిసి కనిపెట్టింది పెళ్లికొడుకు బట్టతల ఒక్కటే.

ఈ గ్రహం చుట్టూ తిరిగే నక్షత్రం లాంటి బాగా వేడి నక్షత్రాల జోలికి గ్రహాలు వెతికేవాళ్లే చాలాకాలం పెద్దగా వెళ్లలేదు. అవి గిర్రున తిరుగుతాయి. వాటి వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే వర్ణపటంలో గీతలు తక్కువ, ఉన్నవీ అలుక్కుపోయి ఉంటాయి. గ్రహం లాగినప్పుడు నక్షత్రం ఎంత ఊగిందో చెప్పాల్సినవి ఆ గీతలే మరి! గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినా వెలుగు నూటికి ఒక వంతు కూడా తగ్గదు. ఒకదాన్నొకటి కప్పుకునే జంట నక్షత్రాలూ అలాగే వెలుగు తగ్గించి మోసం చేస్తాయి. చివరికి అలుక్కుపోయిన ఆ గీతల్లోనే గ్రహం నీడ జాడను పట్టుకున్నారు. ఆ ఓపికకు దండం పెట్టాల్సింది పోయి, నీళ్లున్నాయా అని అడుగుతారా?

పోనీ ఆయనకు గ్రహాలంటే ఆసక్తి లేదా అంటే, గురుడు రాశి మారాడని వేలు పోసి హోమం చేయించిన మనిషి. గురుడికి ఒక చుట్టు దాదాపు 12 ఏళ్లు, అందుకే నదికి పన్నెండేళ్లకో పుష్కరం. గురుడికి దాదాపు మూడింతలు బరువున్న ఈ గ్రహం ఒకటిన్నర రోజులో చుట్టు ముగించేస్తుంది. పన్నెండు రాశులూ 36 గంటల్లోపే! అంటే మూడు గంటలకో పుష్కరం. తల తుడుచుకునే లోపల ఇంకో నదికి పరుగెత్తాలి మామయ్య.

అసలు ఇంటర్ తర్వాత నేను ఫిజిక్స్ చదువుతానంటే, "ఖగోళమా? జాతకాలు చెప్పుకుని బతుకుతాడా?" అని నాన్నను బెదరగొట్టి ఇంజినీరింగులో పడేయించింది ఈయనే. ఇరవై రెండేళ్లయింది. ఆ కళాశాల మెస్సులో సాంబారు రుచి ఇంకా నాలుక మీద ఉంది.

ఇది రాస్తుంటే ఫోను మోగింది. మామయ్య విడిగా మెసేజ్ పెట్టారు: "ఒరేయ్, ఆ గ్రహం ఏ రాశిలో ఉందో కాస్త చెప్పు. పంతులుగారిని అడుగుతాను."