కాళ్లు వేలాడటం ఒక్కటే కాదు
ఇన్వర్టెడ్ కోస్టర్‌లో, అంటే బండి పట్టాల కింద వేలాడుతూ పరుగెత్తే రోలర్ కోస్టర్‌లో, మజా అంతా కాళ్లు గాల్లో వేలాడటంలోనే ఉందని, ట్రాక్ మలుపులు ఎలా ఉన్నా పెద్ద తేడా పడదని ఒక వ్యాసంలో రాశారు. దీంతో నేను ఏకీభవించలేను. కాళ్లు వేలాడటం మొదటి అర నిమిషం కొత్తగా ఉంటుంది, ఆ తర్వాత మనల్ని పట్టి ఉంచేది ట్రాకే. 1992లో షికాగో దగ్గర బోలిగర్ అండ్ మాబిలార్డ్ కంపెనీ కట్టిన 'బ్యాట్‌మ్యాన్: ది రైడ్' ఈ రకంలో మొదటిది. అంతకుముందు వచ్చిన సస్పెండెడ్ కోస్టర్లలోనూ బండి పట్టాల కిందే ఉండేది, కానీ అది ఉయ్యాలలా అటూ ఇటూ ఊగేది. ఇన్వర్టెడ్ కోస్టర్‌లో సీటు చక్రాల ఫ్రేముకు గట్టిగా బిగించి ఉంటుంది, ఊగదు. అందుకే మనల్ని తలకిందులుగా తిప్పే లూపులు సాధ్యమయ్యాయి. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 1994లో వచ్చిన నెమెసిస్ అనే ఇన్వర్టెడ్ కోస్టర్ సంగతే చూడండి. చెట్ల కన్నా ఎత్తు పెరగకూడదు కాబట్టి రాతినేలను తవ్వి, ఆ గోతుల్లోంచి ట్రాక్ నడిపారు. ఎత్తు 13 మీటర్లే, అయినా దాని పేరు చెబితే ఈ రైడ్లు ఇష్టపడేవాళ్ల కళ్లు మెరుస్తాయి. నేను ఇన్వర్టెడ్ కోస్టర్ ఎక్కినప్పుడు ముందు వరసలో ఒకసారి, చివరి వరసలో ఒకసారి కూర్చున్నాను. ముందు వరసలో ఎదురుగా ఏమీ లేదు, ఖాళీ గాలే. కానీ దిగుడు మొదలయ్యే చోట చివరి వరసనే ట్రెయిన్ విసురుగా లాగేసింది. లూపు అడుగుకు వచ్చేసరికి పాదాల్లోకి రక్తం దిగి, వేళ్లు తిమ్మిరెక్కాయి. అవే కాళ్లు, అదే వేలాడటం. ఆ తిమ్మిరి తెప్పించింది మాత్రం లూపు వంపే.