మొక్కలు నాటే తేదీ మార్చండి

వసంతంలో మన సంఘం నాటిన మొక్కల్లో చాలావాటికి ఇప్పుడు మిగిలింది దాతల పేర్ల పలకలే. సర్వసభ్య సమావేశంలో ఆ మాట రాగానే నెపం నేల మీదికి నెట్టేశారు. "ఇక్కడి మట్టే అంత" అన్నారు. మట్టి పాపం ఏం చేసింది? తప్పు ముందు తేదీది, తర్వాత గోతిది, ఆపైన నీళ్లది.

తొలకరికి మొక్క నాటడం మన చేతికి అలవాటైన పని. ఎండలు వెనకబడ్డాయి, ముందంతా తడి అన్నదే అందులోని లెక్క. ఈ చలిదేశానికొచ్చాక ఆ లెక్క వదిలేసి, చిగురు వేసే కాలం కదా అని వసంతాన్ని పట్టుకున్నాం. ఇక్కడ వసంతం వెనకే వేసవి కాచుకుని ఉంటుంది. కొత్త మట్టిలోకి వేళ్లు పాకకముందే ఆకులు విచ్చుకుని నీళ్లు అడుగుతాయి. తొలకరి లెక్కకు ఇక్కడ సరిపోయేది ఆకు రాలే కాలం, అంటే శరత్తు. గాలి చల్లబడినంత త్వరగా నేల చల్లబడదు. ఆకు రాలాక మొక్కకు నీటి ఖర్చు తగ్గుతుంది. నేల సుమారు 5 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉన్నన్నాళ్లూ కింద వేళ్లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. నేల గడ్డకట్టడానికి కనీసం 6 వారాల ముందు నాటితే ఈ వెసులుబాటు దక్కుతుంది.

వసంతమే మేలనే వారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మాగ్నోలియా, బర్చ్ లాంటివి శరత్తులో నాటితే మొరాయిస్తాయి. పైన్, స్ప్రూస్ వంటి సతతహరితాలు చలికాలమంతా ఆకుల నుంచి నీరు పోగొట్టుకుంటూ, గడ్డకట్టిన నేల నుంచి తిరిగి తీసుకోలేక ఎర్రబారతాయి. వాటిని శరత్తు మొదట్లోనే నాటేయాలి. ఆకురాల్చే చెట్లు, పొదల్లో ఎక్కువ వాటికి ఈ పేచీ లేదు.

ఇక గొయ్యి. ఎంత లోతు తవ్వితే అంత శ్రద్ధ అనుకుంటాం, అక్కడే దెబ్బతింటాం. వెడల్పు వేరుముద్దకు, అంటే వేళ్లూ వాటిని పట్టుకున్న మట్టీ కలిసిన ముద్దకు, 2, 3 రెట్లు ఉండాలి. లోతు మాత్రం వేరుముద్ద ఎత్తుకు మించకూడదు, అడుగు మట్టి వదులైతే మొక్క కుంగిపోతుంది. కాండం మొదట్లో వెడల్పై వేళ్లుగా చీలే చోటు నేలమట్టానికి 2, 3 సెంటీమీటర్లు పైకే ఉండాలి. కుండీ మట్టి తరచూ ఆ చోటును కప్పేసి ఉంటుంది కాబట్టి ముందు పైమట్టి గీకి చూసుకోవాలి. అది పూడిపోతే బెరడు చివికి, వేళ్లకు గాలి అందక, చెట్టు ఏళ్ల తరబడి నీరసిస్తుంది. అప్పటికి కారణం ఎవరికీ తట్టదు.

కుండీలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్లను అలాగే గోతిలోకి దించొద్దు. పదునైన కత్తితో వేరుముద్ద పక్కలను 3, 4 చోట్ల నిలువునా కోయాలి. చేతులు రాకపోయినా సరే, కోయాల్సిందే. కోయకపోతే ఆ వేళ్లే లావెక్కి కాండానికి ఉరి బిగిస్తాయి. గోనెగుడ్డలో చుట్టి వచ్చిన మొక్కైతే గోతిలో నిలబెట్టాక కాండానికి కట్టిన తాళ్లు, పైభాగంలోని గుడ్డ, ఇనుప తీగ కోసి తీసేయాలి. తవ్విన మట్టితోనే పూడ్చాలి. గోతి నిండా ఎరువు పోస్తే వేళ్లు ఆ మెత్తటి చోటు దాటి బయటికి పోవు. నత్రజని ఎరువు ఈ కాలంలో అసలే వద్దు, దానితో వచ్చే లేత చిగుళ్లు మంచుకు మాడతాయి.

పాదు కట్టి, నాటిన రోజే 10 నుంచి 15 లీటర్ల నీళ్లు మెల్లగా పోయాలి. ఆ తర్వాత నేల గడ్డకట్టేదాకా వాన పడని ప్రతి వారం మళ్లీ అంతే. చలి కదా, నీళ్లెందుకని మానేస్తే మొక్క ఎండిపోతుంది, నింద చలి మీద పడుతుంది. పాదులో చెక్కపేళ్లు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవాలి. లేకపోతే నేల గడ్డకట్టి కరిగే ప్రతిసారీ చిన్న పొదలు వేళ్లతో సహా పైకి తన్నుకొస్తాయి. కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదలాలి. వసంతంలో మనం పోసినట్టు పేళ్లను పుట్టలా పోస్తే బెరడు కుళ్లుతుంది, ఎలుకలకు ఇల్లవుతుంది. ఊతకర్ర గాలికి ఒరిగే మొక్కకే చాలు, అదీ ఏడాది తిరిగేలోపు తీసేయాలి.

కార్యవర్గానికి విన్నపం. వచ్చేసారి తేదీని ఆకులు రాలడం మొదలయ్యే వారానికి జరపండి. ఫొటోల్లో పచ్చదనం ఉండదు, పుల్లల పక్కన నిలబడాల్సి వస్తుంది, ఈ ఒక్కసారికి సర్దుకుందాం. పార పట్టడానికి ఎలాగూ అందరూ వస్తారు. నీళ్ల వంతుల పేర్లు మాత్రం మొక్కలు కొనకముందే వారంవారీగా రాసుకోండి. వంతుకు మనిషి దొరకని మొక్కను కొనకండి.