మినహాయింపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మినహాయింపు గారికి నమస్కరించి రాయునది.

నాయకుడికి స్వీయ క్రమశిక్షణే ప్రాణమని ఎవరు ఎక్కడ ప్రసంగించినా తమరు ముందు వరుసలోనే ఉంటారు. "సమయపాలన అందరికీ వర్తిస్తుంది" అని మా సంస్థ పెద్దాయన గర్జిస్తుంటే, "అందరికీ అంటే మిగతా అందరికీ" అని ఆయన చెవిలో వేసేది మీరే. ఆ ప్రసంగం ముప్పావుగంట ఆలస్యంగా మొదలైందని గుర్తుచేసే సాహసం ఎవరికుంటుంది?

మీ నిఘంటువంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. కిందివాడు అరిస్తే దురుసుతనం, పైవాడు అరిస్తే పని మీద తపన. కిందివాడు మాట మారిస్తే నిలకడలేనితనం, పైవాడు మారిస్తే పట్టువిడుపు. సంస్థ సొమ్ము సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

మీరు చరిత్రకు కూడా ఎక్కారు. కరోనా కాలంలో జనం గుమిగూడరాదని నిబంధనలు పెట్టిన అప్పటి బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్, 2020 జూన్‌లో తన పుట్టినరోజు వేడుకతో వాటిని తానే దాటి, 2022 ఏప్రిల్‌లో జరిమానా కట్టారు. అది ఉల్లంఘన అవుతుందని అప్పట్లో తనకు తట్టలేదన్నారు. పాపం, ఎలా తడుతుంది? పక్కన మీరున్నారుగా!

మిమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టిన మొండివాళ్లూ లేకపోలేదు. 1863లో అమెరికా అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ పోరులో గెలిచి కూడా శత్రుసేనను తప్పించుకుపోనిచ్చారని తన సేనాని జనరల్ మీడ్ మీద లింకన్‌కు ఒళ్లు మండింది. ఘాటుగా ఉత్తరం రాశారు. దేశాధ్యక్షుడు, సర్వసైన్యాధిపతి, చేతిలో కలం, మనసులో కోపం. మీరు అడుగుపెట్టడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా? అయినా ఆయన సంతకం చేయలేదు, పంపలేదు. ఆ సంగతే కవరు మీద రాసి దాచేశారు. మా పెద్దాయనైతే అర్ధరాత్రి ఫోను తీసి, సిబ్బంది అందరూ చూసే వాట్సాప్ గ్రూపులోనే మనిషిని కడిగేసి, తెల్లవారగానే అక్కడే సహనం మీద ఒక సూక్తి పెట్టేవారు. కింద మేమందరం చేతులు జోడించే బొమ్మలు పెట్టేవాళ్లం.

అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ మరీ చాదస్తపు మనిషి. పదమూడు సుగుణాలు రాసుకుని, తప్పినప్పుడల్లా చిన్న పుస్తకంలో తనకు తానే నల్లచుక్క పెట్టుకునేవారు. మా పెద్దాయన దగ్గరా అలాంటి పుస్తకం ఉంది. చుక్కలకు లోటు లేదు. పేర్లే వేరు.

ఇక అసలు మనవి. వచ్చే సోమవారం వ్యక్తిత్వ వికాసం మీద మాకు రోజంతా శిక్షణ. హాజరు తప్పనిసరి. పెద్దాయన జ్యోతి వెలిగించి, నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతారట. ఆ కారులో ఎలాగూ మీరూ ఉంటారు. కాస్త సర్దుకుని కూర్చుంటే మూడో మనిషికి చోటు దొరకదా?

ఇట్లు,
హాజరు పట్టీలో పేరున్న ఒక విధేయుడు