తొంభై రోజుల నోటీస్ పీరియడ్ గారికి విన్నపం

రాజీనామా చేసినవాడిని గడువు తీరేదాకా కదలనివ్వని మహారాజశ్రీ నోటీస్ పీరియడ్ గారి దివ్య సముఖమునకు, మాదాపూర్ నుంచి ఒక సీనియర్ డెవలపర్ నమస్కరించి వ్రాసుకొన్న విన్నపం. ఉభయకుశలోపరి.

మీరు కుశలమేనని నాకు తెలుసు. ప్రాజెక్టులు పోయినా, క్లయింట్లు మారినా, ఆఫీసు హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడకి తరలినా, మేనేజర్లు అమెరికా వెళ్లి తిరిగొచ్చినా మీకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఒకప్పుడు మీరు ముప్పై రోజుల పసివారని మా పాతకాపులు చెబుతుంటారు. తర్వాత అరవై అయ్యారు. ఇప్పుడు తొంభైలో పడ్డారు. ఆ వయసుకి మనుషులు మంచం పడతారు. మీరేమో మమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి కాపలా కాస్తున్నారు!

మీ నివాసం అపాయింట్‌మెంట్ లెటర్లో ఎక్కడో వెనక పేజీల్లో. ముందు పేజీ అంతా సీటీసీ గారి కొలువు, అంటే ఏడాదికి మన మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. మూల జీతమైన బేసిక్, ఇంటద్దె భత్యమైన హెచ్‌ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్స్, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, పీఎఫ్‌లో కంపెనీ వాటా, ఆఖరికి ఐదేళ్లుంటే గానీ చేతికి రాని గ్రాట్యుటీ కూడా కలిపి ఊదిన అంకె. దాన్ని పన్నెండుతో భాగించి నెలకి ఎంతొస్తుందో లెక్క తేల్చుకునేలోపే, నలభై ఎనిమిది గంటల్లో సంతకం చేయమని లింకు వచ్చి కూర్చుంటుంది. చేర్చుకునేటప్పుడు మూడో రోజు దాకా ఆగలేని కంపెనీ, వెళ్తానన్నప్పుడు మూడు నెలలు ఆపుతుంది. శ్రావణంలో పేపర్లు పెట్టినవాడు, అంటే రాజీనామా చేసినవాడు, కార్తీకంలో బయటపడతాడు. మధ్యలో ఎవరి పెళ్లికో రెండు రోజులు లీవు పెడితే ఆఖరి పని దినమైన ఎల్‌డబ్ల్యూడీ కూడా రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. మీ లెక్క అంత నిక్కచ్చి.

ఇంతకీ మీరెందుకున్నారని అడిగితే హెచ్‌ఆర్ వాళ్లు చెప్పేది ఒకటే మాట: కేటీ కోసం, అంటే మనకి తెలిసిన పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం కోసం. అది న్యాయమైన మాటే, కాదనను. రాత్రి పదకొండుకి ప్రొడక్షన్‌లో, అంటే క్లయింటు వాడే అసలు సిస్టంలో, దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్ పడిపోతే ఏ టేబుల్లో ఏ ఫ్లాగ్ మార్చి మళ్లీ నడపాలో ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. అది ఒక్క మనిషికే తెలిసుంటుంది. సరిగ్గా ఆ మనిషే పేపర్లు పెడతాడు.

అయితే మీ హయాంలో ఆ కేటీ ఎలా జరుగుతుందో ఎప్పుడైనా తొంగి చూశారా? మొదటి నెలంతా మేనేజర్ నమ్మడు. కాఫీకి తీసుకెళ్లి, "ఇంకోసారి ఆలోచించు, ఇంట్లో కూడా మాట్లాడు" అంటాడు. ఆపైన డెలివరీ హెడ్ గారితో రిటెన్షన్ మీటింగ్. ఏళ్ల తరబడి అడిగినా రాని జీతం పెంపూ, విదేశంలో పనిచేసే ఆన్‌సైటూ ఆ అరగంటలో బల్ల మీదికొస్తాయి. రెండో నెల మన స్థానంలో మనిషి కావాలన్న రీప్లేస్‌మెంట్ రిక్విజిషన్ ఊరేగుతుంది, అది ఎవరి బడ్జెట్లో పడాలో తేలదు. మూడో నెల సగం గడిచాక బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా, ఉన్న ఒక ఫ్రెషర్ని తెచ్చి మన పక్కన కూర్చోబెడతారు. పిల్లాడు జావా నేర్చుకుని వచ్చాడు, ఇక్కడున్నది పాతకాలపు కోబాల్. ఏ ఊరు, ఏ కాలేజీ అని అడగడం అయ్యాక కేటీ ట్రాకర్ ఎక్సెల్ తెరుస్తాం. టాపిక్, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, తేదీ, నేర్చుకున్నవాడు తిరిగి చెప్పే రివర్స్ కేటీ, ఆమోద ముద్ర అయిన సైన్‌ఆఫ్. అన్ని గళ్లూ ఆకుపచ్చగా మారాలి, అదొక్కటే పైవాళ్లు చూసేది. ఏడాదికోసారి మార్చి 31 రాత్రి నడిచే ఇయర్ ఎండ్ జాబు గురించి వాడికి అక్టోబరులో చెబుతాను. "ఓకే అన్నా, ఓకే అన్నా" అంటాడు. పోనీ తర్వాత చూసుకుంటాడులే అని టీమ్స్‌లో రికార్డు చేస్తాం. ఎవరూ సెట్టింగు మార్చకపోతే ఆ రికార్డింగు 120 రోజులకి దానంతటదే చెరిగిపోతుంది. అంటే అక్టోబరుది ఫిబ్రవరి దాటదు. ఇక మార్చి 31 రాత్రికి ఆ పిల్లాడు, ఆ జాబు, పైన ఆ దేవుడు.

సరే, అయినా కేటీ లేనిదే ప్రాజెక్టు నిలవదనే అనుకుందాం. మరి కంపెనీయే మనల్ని తీసేసే లేఆఫ్ రోజున అదెక్కడికి పోతుంది? పదిన్నరకి క్యాలెండర్లో 'క్విక్ కనెక్ట్' అని ఒక ఇన్విటేషన్. లోపలికెళ్తే మేనేజర్ పక్కన, ఎన్నడూ చూడని హెచ్‌ఆర్ మనిషి కెమెరా ఆన్ చేసుకుని, ఎదురుగా ఉన్న కాగితం చూసి చదువుతుంటారు. పదకొండుకి ఆఫీసు నెట్‌వర్క్‌కి దారైన వీపీఎన్ తెగిపోతుంది. సాయంత్రానికి లాప్‌టాప్ పట్టుకెళ్లడానికి కొరియర్ కుర్రాడు బెల్లు కొడతాడు. ఏడేళ్ల పరిజ్ఞానం పోయింది, ట్రాకర్ లేదు, రివర్స్ కేటీ లేదు, సైన్‌ఆఫ్ లేదు. ప్రాజెక్టు ఆగిందా అంటే, మర్నాడు పదింటికి రోజువారీ టీమ్ మీటింగ్ స్టాండప్ యథావిధిగా జరుగుతుంది. మీరు మాత్రం ఆ రోజు రూపం మార్చి, జీతంగా అకౌంట్లో పడతారు, అదీ పడితే. నేను వెళ్తానంటే మీరు రోజులు, వాళ్లు పొమ్మంటే మీరు రూపాయలు. ఈ కామరూప విద్య ఏ గురువు దగ్గర నేర్చారు స్వామీ?

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ చూస్తే నవ్వొస్తుంది. ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని తీసెయ్యాలంటే సరైన కారణం ఉండాలట, పైగా యజమాని ఒక నెల నోటీసో, ఒక నెల జీతమో ఇవ్వాలట. ఒక నెల చాలనుకున్నారు, పాపం. అప్పటికి మీరింకా ఈ ఎత్తుకి ఎదగలేదు.

కొత్త కుర్రాళ్లు మిమ్మల్ని చూసి చట్టమే అనుకుని వణికిపోతారు. అసలు సంగతి వేరు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, మనిషి స్వయంగా చేయాల్సిన కొలువు ఒప్పందాన్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదు. ఏ జడ్జిగారూ నన్ను కుర్చీకి కట్టేసి జిరాలో పని టికెట్లు మూయమని ఉత్తర్వులివ్వరు. మహా అయితే ఒప్పందం తప్పినందుకు పరిహారం కట్టమంటారు. మరి మీకింత బలం ఎక్కడిది? మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టు, మీ ప్రాణం రిలీవింగ్ లెటర్లో ఉంది. ఒక ఏ4 కాగితం, పైన లెటర్‌హెడ్, ఫలానా తేదీ సాయంత్రం ఇతన్ని విధుల నుంచి విడుదల చేశామని రెండు వాక్యాలు, ఇది కంప్యూటర్ తయారుచేసింది కాబట్టి సంతకం అక్కర్లేదని మూడో వాక్యం. ఆ సంతకం లేని కాగితం లేకపోతే కొత్త కంపెనీలో పాత ఉద్యోగాల ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రెడ్‌లోకి వెళ్తుంది. అందుకే ఇంతమంది బుద్ధిగా కూర్చుంటున్నారు. (అమీర్‌పేట వైపు కొందరు దొంగ చిలకల్నే ప్రింట్ తీసి అమ్ముతారు. వాటి జోలికి వెళ్లినవాళ్ల కథలు ఇంకో ఉత్తరానికి సరిపడా ఉన్నాయి.)

నిజానికి నాకు జాలి వేసేది మీ యజమానుల మీద. ఒకే బిల్డింగు. మూడో అంతస్తులో హెచ్‌ఆర్ గారు, "ఒక్క రోజు కూడా ముందు వదలడం కుదరదండీ, కంపెనీ పాలసీ" అంటారు. నాలుగో అంతస్తులో రిక్రూటర్ గారు, "ఇమీడియట్ జాయినర్లు మాత్రమే అప్లై చేయండి" అని లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెడతారు. ఇద్దరూ ఒకే క్యాంటీన్లో ఒకే టేబుల్ మీద భోంచేస్తారు. ఊళ్లో అందరూ తలుపులకి తాళాలేసుకుని, పక్కింటివాళ్లు ఎందుకు తాళం తీయరని తిట్టుకుంటే ఎవరింటికి ఎవరొస్తారు?

జాబ్ పోర్టల్లో నోటీస్ పీరియడ్ అన్న గడి నొక్కితే జాబితా దిగుతుంది. పదిహేను రోజులు అంతకన్నా తక్కువ, ఒక నెల, రెండు నెలలు, మూడు నెలలు, ఇంకా ఎక్కువ, చివర్లో 'సర్వింగ్ నోటీస్ పీరియడ్'. మూడు నెలలు అని పెట్టినన్నాళ్లూ ఫోను మూగనోము పడుతుంది. 'సర్వింగ్' అని మార్చిన మర్నాటి నుంచి స్నానానికి వెళ్లే తీరిక ఉండదు. అంటే ఉద్యోగం రావాలంటే ముందు ఉద్యోగం వదిలేయాలి. సంసారం, హోమ్ లోను ఉన్నవాడు ఆ పని చేయలేడు కాబట్టి ఒక ఆఫర్ చేతిలో పెట్టుకుని రాజీనామా చేస్తాడు. ఇక చూడండి మీ మహిమ. పని తగ్గి, సాయంత్రాలు ఖాళీ అయి, ప్రొఫైల్లో 'సర్వింగ్' అని మెరుస్తూ ఉంటే రెండో ఆఫర్ వస్తుంది. రెండోది చూపిస్తే మూడోవాడు పెంచుతాడు. మొదటి కంపెనీ రిక్రూటర్ వారం వారం ఫోన్ చేసి, "జాయిన్ అవుతున్నారు కదండీ?" అని పెళ్లికూతురి తండ్రిలా అడుగుతూనే ఉంటుంది. జాయినింగ్ రోజు పొద్దున అబ్బాయి ఫోను స్విచాఫ్. ఆ తర్వాత కాన్ఫరెన్సుల్లో పెద్దలు మైకు పట్టుకుని, నేటి యువతకు మాట మీద నిలబడే అలవాటు లేదని బాధపడతారు. ఆఫర్ల వేలానికి మూడు నెలలు మైదానం రాసిచ్చింది ఎవరు సార్?

పోనీ వలసలన్నా ఆపారా? 2022 జూన్‌తో ముగిసిన త్రైమాసికంలో ఇన్ఫోసిస్ ప్రకటించిన ఎట్రిషన్, అంటే ఉద్యోగులు వదిలి వెళ్లే రేటు, 28.4 శాతం. పరిశ్రమ నిండా మీ తొంభై నీడ పరుచుకుని ఉన్న రోజులే అవి. వెళ్లాలనుకున్నవాళ్లంతా వెళ్లారు, కాస్త ఆలస్యంగా, కాస్త చిరాకుగా.

మిగిలిన రోజులకి డబ్బు కట్టి బయటపడే బైఔట్ అని మీకొక కిటికీ ఉందంటారు. దానికి 'కంపెనీ విచక్షణ మేరకు' అని ఊచలు. విచక్షణ అంటే మేనేజర్ మూడ్. ఊచలు తీసినా లెక్క బేసిక్ మీదా, మొత్తం జీతమైన గ్రాస్ మీదా అన్నది ఆ లెటర్లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఈ డబ్బు మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాలని కొన్నేళ్లు పెద్ద వాదన నడిచింది. ఎందుకంటారా? ఉద్యోగి నోటీసివ్వకుండా వెళ్లిపోతుంటే కంపెనీ దాన్ని సహించింది, సహించడం ఒక సేవ, సేవకు పన్నుంది. అత్తగారి సహనం మీద కూడా ఎవరూ ఇంతవరకు పన్ను వేయలేదు. చివరికి 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి, అది సేవా కాదు, దానికి పన్నూ లేదని తేల్చింది.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కొడుక్కి మీ గురించి చెబితే జోకనుకున్నాడు. వాళ్లకి రెండు వారాలు చెప్పి వెళ్లడం మర్యాద, అంతే. అయితే వాడికి వేరే గడియారం ఉంది. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే, 2017లో వచ్చిన నిబంధన ప్రకారం, ఎక్కువలో ఎక్కువ అరవై రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా పెట్టే బేడా సర్దుకోవాలి. నేను తొంభై రోజులు కదలడానికి లేదు, వాడు అరవై రోజులు దాటి ఉండడానికి లేదు. మా పిన్నికి మాత్రం ఇద్దరం సాఫ్ట్‌వేరే, ఇద్దరం సుఖంగానే ఉన్నాం.

ఇక అసలు విన్నపం. మీ ముందు దాచడమెందుకు, ఈ మధ్య మీ మీద కుట్ర చేస్తున్నాను. మా టీములో కుర్రాళ్లని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి మీ గుట్టు విప్పుతున్నాను. జీతం బేరం ఆడేటప్పుడే మీ గురించి కూడా బేరమాడండిరా అంటున్నాను. ముప్పై రోజులకి ఒప్పుకుంటే సరే, లేదంటే 'కంపెనీ విచక్షణ' తీసేసి 'ఉద్యోగి కోరితే' అని బైఔట్ రాయమనండి, బేసిక్ మీదే అని కూడా. ఆ ఖర్చు కొత్త కంపెనీ ఇస్తానంటే ఫోన్లో కాదు, మెయిల్లో తీసుకోండి. చెప్పకుండా మాయమవ్వొద్దు, ఆ మచ్చ వెరిఫికేషన్‌లో చాలా కాలం వెంటాడుతుంది. పే స్లిప్పులు, ఫారం 16లు యాక్సెస్ పోకముందే సొంత మెయిల్‌కి పంపుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు మాత్రమే తెలిసిన ఆ రాత్రి పదకొండు గంటల ఫిక్సులు ఇవాళే వికీలో రాసి పెట్టండి. కేటీ అప్పటికే అయిపోయినవాడిని నెలన్నరకే వదిలేసిన మేనేజర్లను నేను చూశాను. ఆపడానికి వాళ్ల దగ్గర సాకు ఉండదు.

దీనికి మా వాళ్లలో ఒకడు, "అన్నా, అన్నీ రాసిపెడితే నన్నే తీసేస్తే?" అన్నాడు. తెలివైనవాడే. రాయకపోయినా తీసేస్తారు కదరా అన్నాను. టీ తాగడం ఆపి కాసేపు ఆలోచించి, సాయంత్రానికి రెండు పేజీలు రాశాడు.

కావున తమరు దయతలచి ముప్పైకి దిగిరావలసిందిగా ప్రార్థన. దిగివస్తే మేమేమీ పారిపోం. కొత్త కంపెనీ ఆఫర్ లెటర్లోనూ తమరే తొంభైతో దర్శనమిచ్చారు. ముప్పై చేయమని మెయిల్ పెట్టాను. "పాలసీ అండీ, అందరికీ ఒకటే" అని జవాబొచ్చింది. ఆ అందరిలో మీ టెక్నాలజీ పెద్ద సీటీఓ గారు కూడా ఉన్నారా అని తిరుగు మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
తమ నిర్బంధంలో ఉన్న విధేయుడు,
స్టేటస్: సర్వింగ్

తా.క.: మీరు ముగిశాక ఆఖరి లెక్కలు తేల్చే మీ తమ్ముడు ఎఫ్ అండ్ ఎఫ్ గారు వస్తారు. ఆఖరి జీతం చేతికివ్వడానికి నలభై ఐదు రోజులు పడుతుందని ఆయన పాత అలవాటు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ 17వ సెక్షన్‌లో, రాజీనామా చేసినవాడికి కూడా రావలసిన వేతనం రెండు పని దినాల్లో ఇవ్వాలని ఉంది. మా హెచ్‌ఆర్ గారికి ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఇచ్చాను. భద్రంగా ఫైల్లో పెట్టుకున్నారు.