ఎడమవైపు అద్దం గారికి ఒక మోచేతి విన్నపం

మహారాజశ్రీ కారు ఎడమవైపు అద్దం గారికి, హైదరాబాద్ అత్తాపూర్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద రోజూ సైకిల్ తొక్కుకుంటూ ఆఫీసుకు పోయే ఒకానొక గుమాస్తా నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ నేను క్షేమం, కుడి మోచెయ్యి తప్ప. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. తలవడమేమిటి, మొన్న మంగళవారం తమకు జరిగిన వైద్య పరీక్ష కళ్లారా చూశాను కదా.

మీకు గుర్తులేకపోవచ్చు. పొద్దున్న తొమ్మిదింబావు. పైన ఎక్స్‌ప్రెస్‌వే మీదికి రెండు చక్రాల వాళ్లని రానివ్వరు కాబట్టి మేమంతా కిందే. నా ముందు ఒక ట్రాలీ ఆటో ఆపి కొబ్బరిబోండాలు దింపుతున్నారు. దాన్ని తప్పించడానికి వెనక్కి తిరిగి చూసి, చెయ్యి చాపి, కాస్త కుడికి జరిగాను. అప్పటికి మీరు చాలా దూరం. ఇంతలోనే చెవి పక్కన ఒక హారన్, మొహానికి వేడిగాలి, మోచేతికి టక్కున మీ స్పర్శ. నేను పడలేదు లెండి. ట్రాలీ కమ్మీ పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాను.

కారు ఆగింది. పాతికేళ్ల కుర్రాడు దిగి పరుగున వచ్చాడు. నా దగ్గరికనుకుని నేను మొహమాటపడి, "ఏం కాలేదు బాబూ" అనబోయాను. అతను మీ మీదికి వంగాడు. జేబురుమాలు తీసి తుడిచాడు. ఒకసారి మడిచాడు, విప్పాడు, వేలితో అంచంతా తడిమాడు. గీత పడలేదని తేలాక నన్ను చూశాడు.

"జర సైడ్‌కు పోరాదు సార్? కొత్త బండి. తీస్కొని నెల గూడ కాలే."

"పర్లేదు, నా చెయ్యి పాతదే" అన్నాను.

"మంచిది సార్" అన్నాడు నిజంగానే ఊరట పడి. వెళ్లిపోయాడు, మళ్లీ గీత పడకుండా మిమ్మల్ని లోపలికి మడిచేసి.

అద్దం గారూ, ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. తన కారు తలుపు దగ్గర అయిపోతుందని అతని నమ్మకం. ఎందుకుండదు? షోరూంలో ఇచ్చే రంగుల కాగితంలో రాసే వెడల్పులో మీరు ఉండరు. మాటవరసకి స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు అంటారు. అది ఒంటి కొలత, చెవులు కలపని కొలత. మీ ఇద్దరు అన్నదమ్ములను కూడా లెక్కేస్తే దగ్గరదగ్గర 2 మీటర్లు. పెళ్లి ఫొటోలో నిలబెట్టరు గానీ పందిట్లో పనంతా మీదే అన్నట్టుంది మీ బతుకు. ఆ లెక్కలోకి రాని జానెడు కొసే నా మోచేతికి తగిలేది.

పోనీ మిగతా లెక్క కూడా చూద్దాం, నేను గుమాస్తాను, అంకెలు చూస్తే ఆగలేను. పెద్ద రోడ్డులో ఒక వరసకి 3.5 మీటర్లు వదులుతారు. రోడ్డు అంచు నుంచి నా కుడి మోచెయ్యి దాకా ఒక మీటరు వేసుకోండి. మీ కొస నుంచి మీ తమ్ముడి కొస దాకా 2 మీటర్లు. మొత్తం 3. మన మధ్య మిగిలింది అర మీటరు. ఆ అర మీటరులోనే నేను గుంత తప్పించాలి, మీ వాడు ఫోను చూసుకోవాలి. అంటే ఒకే వరసలో మనం పక్కపక్కన పట్టం అన్నమాట. నా ముందు సైకిల్ కాకుండా ఇంకో కారు ఉంటే మీ యజమాని ఏం చేస్తాడు? పక్క వరస ఖాళీ అయ్యేదాకా ఆగి, అందులోకి పూర్తిగా వెళ్లి, దాటి వస్తాడు. నాకూ అదే మర్యాద చాలు. ఖాళీ లేకపోతే వెనకాల ఉండండి. మహా అయితే పదిహేను సెకన్లు. ఎలాగూ మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర మళ్లీ కలుస్తాం, రోజూ కలుస్తూనే ఉన్నాం.

బ్రిటన్‌లో 2022లో వాళ్ల రోడ్డు నియమావళి మార్చి, గంటకు 30 మైళ్ల వేగం దాకా సైకిల్‌కి కనీసం 1.5 మీటర్లు వదలమన్నారు, వేగం పెరిగితే ఇంకా ఎక్కువ. జర్మనీ వాళ్లు 2020లో ఊళ్లో 1.5, ఊరి బయట 2 మీటర్లు అని తేల్చేశారు. మనకు అలాంటి అంకె లేదు. మన దగ్గర ఉన్నది వంటల పుస్తకం కొలత: ఉప్పు, తగినంత. ఎవరి చేతివాటం వాళ్లది. మీ వాడి చేతికి చిటికెడే వస్తుంది.

అంచుకి ఇంకా ఆనుకుని పోవచ్చు కదా అంటారు. అంచున ఏముందో మీకు తెలియదు, పాపం మీరెప్పుడూ కాలు కిందపెట్టలేదు. ఇసుక ఉంటుంది. చక్రం సరిగ్గా ఇరుక్కునేంత సందుతో డ్రైనేజీ జాలీ ఉంటుంది. ఆపి ఉన్న కార్ల వరస ఉంటుంది, అందులో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో బ్రహ్మకైనా తెలియదు. అందుకే ఆ తలుపుల నుంచి ఒక మీటరు ఎడంగా పోతాను. నేను రోడ్డు ఆక్రమిస్తున్నానని మీ వాడనుకుంటాడు. హెల్మెట్ పెట్టుకుని ఇంగ్లీషు టీషర్టు తొడుక్కున్న నాకే ఇంత జరిగితే, తెల్లారుజామున వెనక లైటు కూడా లేని సైకిల్ మీద చాయ్ ఫ్లాస్కు కట్టుకుని పోయేవాడి సంగతి, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్ సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లకి "సార్" అని కూడా ఉండదు.

సైకిల్ వాళ్లకి వేరే దారి వేశారు కదా అని మీ వాళ్లలో ఒకాయన నాకు సలహా ఇచ్చాడు. వేశారు, కాదనను. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల పందిరి, నీడే నీడ. వెళ్లి చూశాను, కళ్లు చెదిరాయి. అక్కడికి చేరడానికి సైకిల్‌ని మా బావమరిది కారులో పెట్టుకుని పోయాం.

హారన్ గారి గురించి ఎక్కువ రాయను, ఆయన మీ ఇంటి మనిషి. అనవసరంగా మోగిస్తే మొదటిసారి 1,000, రెండోసారి 2,000 రూపాయల జరిమానా అని చట్టంలో ఉందని మాత్రం ఆయన చెవిన వేయండి. వీపు వెనక అరిస్తే నేను ఉలిక్కిపడేది ఎడమకి కాదు, మీ మీదికే.

ఇక అసలు ఫిర్యాదు. నన్ను దాటడం అంటే నా పక్కనుంచి వెళ్లిపోవడం కాదు, వెళ్లాక తిరిగి ఎడమకి రావడం కూడా. ఆ రెండో సగానికే మిమ్మల్ని అక్కడ పెట్టారు. మీలో నా సైకిల్ మొత్తం కనిపించాక, ఇంకొంచెం ఆగి, అప్పుడు లోపలికి రావాలి. మీ గాజు ఉబ్బుగా ఉంటుంది, అందులో నేను ఉన్నదానికన్నా దూరంగా కనిపిస్తాను. ఆ సంగతి కొన్ని కార్లలో మీ ముఖం మీదే చెక్కి ఉంటుంది కూడా. చదివేవాడెవడు? సగం దాటగానే టిఫిన్ సెంటర్ గుర్తొచ్చి ఎడమకి తిప్పేస్తాడు. నేను బ్రేకులు పట్టుకుని అతని వెనక చక్రాన్ని, అతను మిర్చీ బజ్జీని చూస్తుంటాం. మీరేమో చెవులు మూసుకున్న కుందేల్లా ముడుచుకుని మీ కారు తలుపునే చూసుకుంటూ ఉంటారు.

కాబట్టి తమరు దయచేసి విప్పారవలెను. ఎప్పుడైనా ఓ గీత పడితే పడనివ్వండి. నా మోచేతికి ఇప్పటికి మూడున్నాయి.

ఇట్లు,
ఎడమ అంచున ఉండేవాడు

తా.క. మొన్న ఆదివారం నా హ్యాండిల్ కుడివైపు చిన్న గుండ్రటి అద్దం బిగించుకున్నాను, మీకు దూరపు చుట్టం. నిన్న దాన్లో మీ వాడొకడు వెనకాలే వస్తూ కనిపించాడు. కొత్త బండి, ముందు నిమ్మకాయ, మిరపకాయలు ఇంకా వాడలేదు. మీరు మడిచే ఉన్నారు.