ముద్ర పడని వేళ్లు

రైతుబజార్లో ముద్ర లేని కాటాతో అరకిలో వంకాయలు తూచితే కేసు రాస్తారు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తూకం రాళ్లకి రెండేళ్లకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడి తీరాలి. పెట్రోలు బంకు మీద అనుమానమొస్తే ఐదు లీటర్ల కొలపాత్ర తెప్పించి పోయించుకోవచ్చు. కొలత దగ్గర ఇంత పట్టింపున్న దేశంలో ఒక్క పరికరం మాత్రం ఏ ముద్రా లేకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లొచ్చింది. అది డాక్టరుగారి చూపుడు వేలూ మధ్య వేలూ.

రెండు వేళ్ల పరీక్ష. అత్యాచారం జరిగిందని కేసు పెట్టిన ఆడమనిషిని పోలీసులు మెడికల్‌కి పంపుతారు. అక్కడ యోనిలో రెండు వేళ్లు సులువుగా పట్టాయా, బిగుతుగా పట్టాయా, అసలు ఒక్కటే పట్టిందా చూసి, 'సంభోగానికి అలవాటు పడిన మనిషి' అని ఒక వాక్యం రాస్తారు. ఇది శాస్త్రమండీ, కాదనకండి, పాఠ్యపుస్తకాల్లో ఉండేది. పాత ఎడిషన్లో ఎవరో మహానుభావుడు ఎద్దు ఈనిందన్నాడు. తర్వాతి ఎడిషన్లన్నీ దూడను గాటన కట్టేస్తూ వచ్చాయి.

సరే, శాస్త్రమన్నాక ప్రమాణం ఉండాలిగా? తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారిని ఒకసారి జిల్లా ఆసుపత్రికి పిలిపిద్దాం. డ్యూటీ డాక్టర్లు వరసలో నిలబడి చేతులు చాపుతారు. ఆయన వెర్నియర్ కాలిపర్స్ తీస్తాడు. మొదటాయన కాలేజీ రోజుల్లో వికెట్ కీపరు, మధ్య వేలు కణుపు దగ్గర బెండకాయలా వాచి ఉంది. పక్కనావిడవి సన్నజాజి మొగ్గలు. ఇద్దరూ ఒకే ఫారంలో ఒకే మాట 'సులువుగా' అని రాస్తారు. సులువంటే ఎన్ని మిల్లీమీటర్లు? గ్లౌజు మందం కలపాలా, తీసేయాలా? ఉంగరానికి తరుగు ఎంత? ఎండాకాలం వ్యాకోచానికి సవరణ ఉందా? ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో కిలో నమూనా పక్కనే గాజుపెట్టెలో జాతీయ ప్రామాణిక వేళ్ల జత ఉండాలి కదా, అవి ఎవరివి, ఆయనకి పింఛను ఎవరిస్తున్నారు? ఇక ముద్ర ఎక్కడ కొట్టాలి? గోటి మీద కొడితే గోరు పెరిగి ముద్ర ముందుకు జరిగిపోతుంది, కత్తిరించినప్పుడల్లా రెన్యువల్ ఫీజు. తేడా వచ్చిన వేళ్లను సీజ్ చేయాలంటే ఇద్దరు పంచులు కావాలి.

పోనీ, వేళ్లు మైక్రాను తేడా లేకుండా కుదిరాయనుకుందాం. కొలిచేది ఏమిటి? ఆ కండరం బిగువు భయాన్ని బట్టి, పడుకున్న తీరును బట్టి, వయసును బట్టి, కాన్పులను బట్టి మారుతుంది. కన్నెపొర సంభోగం లేకుండానూ చిరగొచ్చు, సంభోగం తర్వాతా చెక్కుచెదరకుండా ఉండొచ్చు. అన్నిటికీ మించి, అలవాటుంటే మాత్రం ఏమిటట? నిన్న అన్నం తిన్నవాడికి ఇవాళ విషం పెట్టడం కుదరదని ఏ తీర్పులోనైనా రాశారా?

ఇంచుమించు రాశారు. 1972లో మహారాష్ట్ర, దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్లో ఇద్దరు కానిస్టేబుళ్ల మీద కేసు. ఫిర్యాదు చేసిన ఆదివాసీ పిల్ల వయసు డాక్టరు అంచనా ప్రకారం 14కీ 16కీ మధ్య. అదే నివేదికలో రెండు వేళ్లు సులువుగా పట్టాయన్న వాక్యం. సెషన్స్ కోర్టుకి అలవాటున్న పిల్ల అనడానికి అది చాలింది. హైకోర్టు శిక్ష వేస్తే 1978లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాస్తే ఉద్యమం లేచి, 1983లో చట్టం మారింది. వేళ్లు మారలేదు. ఆమె నడవడిక మంచిది కాదని వాదించే వెసులుబాటు ఇచ్చిన 1872 నాటి సాక్ష్య చట్టం 155(4) సెక్షన్ 2003లో పోయింది. 2013లో సుప్రీంకోర్టు ఈ పరీక్ష ఆమె గోప్యతకీ గౌరవానికీ భంగమంది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ చేయకూడదని మార్గదర్శకాలిచ్చింది. 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి చేసినవాళ్లది దుష్ప్రవర్తనేనని.

ఆ 2022 కేసు సంగతి వినండి. 2004, జార్ఖండ్. ఇంట్లోకి దూరి అత్యాచారం చేసి, కిరోసిన్ పోసి నిప్పంటించాడు. ఒళ్లు కాలిపోయి ఆసుపత్రి మంచం మీద పడి ఉంది ఆ పిల్ల. మెడికల్ బోర్డు వచ్చింది. వచ్చి, ఈ పరీక్ష చేసింది. కాలిన మనిషి మీద! ఏం కొలిచారయ్యా అక్కడ? కిరోసిన్ పోయించుకోవడానికి అలవాటు పడిందో లేదోననా? ఐదు వారాలు దాటగానే చచ్చిపోయింది. హైకోర్టు నిందితుణ్ని వదిలేసింది. శిక్ష తిరిగి ఖాయమవడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఇన్నేళ్లలో ఆ వేళ్లకి ఒక్క మెమో అయినా అందిందా?

వేళ్లు చొప్పించినంత సేపట్లో చేయాల్సిన పనులు ఎన్నో ఉన్నాయి, అవన్నీ 2014 నాటి ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. ముందు ఆమె సమ్మతి. తర్వాత నేల మీద పెద్ద కాగితం పరిచి దాని మీద నిలబెట్టి బట్టలు మార్పించాలి, రాలిన వెంట్రుక, మట్టి, దారప్పోగు అందులోనే పడతాయి. ఆ కాగితాన్నీ మడిచి దాచాలి. ఏ బట్ట ఆ బట్టని విడిగా కాగితపు కవర్లో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో కుక్కితే చెమ్మకి బూజు పట్టి డీఎన్ఏ చెడిపోతుంది. దూది పుల్లతో తీసిన నమూనాని నీడలో ఆరబెట్టాకే సీలు వేయాలి. యోని నమూనా 96 గంటల దాకా తీయొచ్చు. గోళ్ల కింద గీకినది వేరుగా పెట్టాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో, ఏ టైములో ఇచ్చారో సంతకాలుండాలి, లేకపోతే డిఫెన్సు లాయరు ఆ ఒక్క ఖాళీలోంచే కేసంతా బయటకి లాగేస్తాడు. హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గాయాల్లేకపోతే, అంతమాత్రాన ఏమీ జరగలేదని కాదని రాయాలి.

తడి పుల్లకి సీలు వేసి పంపితే నాంపల్లి రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ లేబరేటరీ మాత్రం ఏం చేస్తుంది? రెండు వేళ్లకి తీరిక దొరుకుతుంది గానీ దూది పుల్ల ఆరడానికి దొరకదు.

పాఠం మారితే పరీక్ష మారుతుందని, 2022లో ఎంబీబీఎస్ ఫోరెన్సిక్ మెడిసిన్ సిలబస్‌ని సవరించారు. 2024 ఆగస్టు 31న వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ సిలబస్‌కి కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. అందులో కన్నెపొర రకాలు, కన్యత్వ నిర్వచనం, వాటి వైద్య న్యాయ ప్రాముఖ్యం మళ్లీ వచ్చి ఎప్పటి కుర్చీల్లోనే కూర్చున్నాయి. గోల లేచాక వెనక్కి తీసుకున్నారు. తీసుకున్నది సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు.